భయరోగమునకు నూతన చికిత్స



ఎత్తన్నను, వంతెనయన్నను గుండెదడ పుట్టువారు మన కుటుంబములలోను గలరు. తిరువలము ఇనుపవంతెన దాటలేక ఆవలి బేరము వదలుకొనువానిని పిరికివాడని నవ్వుదుము, తాయెత్తు గట్టుదుము. లాభము తాయెత్తు అమ్మినవానిదే! అది రోగము, దానికి చికిత్స గలదు.

శరీరమును సడలించుకొనుచు భయమును మెట్టుమెట్టుగా ఎదుర్కొను పద్ధతిని దక్షిణాఫ్రికా వైద్యుడు జోసెఫ్ వోల్పి 1958లో గ్రంథస్థము చేసెను. నేడు కండ్లకు యంత్రము తగిలించి, కూర్చున్నచోటనే మేడలను, వంతెనలను నిజమువలె చూపుచున్నారు. 1995లో అమెరికాలో రోత్‌బామ్ బృందము ఎత్తుభయమునకు దీనిని పరీక్షించెను. 2018లో ఆక్స్‌ఫర్డువారు 100 మందిపై పరీక్షింపగా, యంత్రచికిత్స పొందినవారి భయము తక్కినవారికంటె మిక్కిలి తగ్గెను.

యంత్రము దొరకకున్నను, వైద్యుని సలహాపై వంతెనమీద దినమునకు నాలుగడుగులు హెచ్చుగా నడచుటయు ఈ జాతి చికిత్సయే. వేలూరు సి.ఎం.సి. మానసిక వైద్యశాల బాగాయములోనే యున్నది. పోవుటకు సిగ్గుపడువారు మా కొట్టుకు రండు. తోడుగా మేమే వచ్చెదము.