యజమాని గొంతు

గ్రామఫోను పెట్టె ముందు కూర్చుండి, బూర వైపు చెవి యొగ్గి వినుచున్న కుక్క బొమ్మను ఎరుగని తెలుగు ఇల్లు అరుదు. మన పెద్దలలో చాలమంది కంపెనీ పేరు చెప్పక, "కుక్క గుర్తు ప్లేటు" అనియే అంగడిలో అడిగెడివారు. ఫ్రాన్సిస్ బారో అను చిత్రకారుడు వ్రాసిన ఆ చిత్రమును లండనులోని గ్రామఫోను కంపెనీ 1899లో కొన్నది. చిత్రమునకు 'యజమాని గొంతు' అని పేరు. కుక్క వినుచున్నది తన యజమాని గొంతును. బాగున్నది. కాని ఆ గొంతునకు యజమాని ఎవరు? పాడినవాడా, పాటను ప్లేటుపై పట్టి ఉంచినవాడా? కుక్కకు ఈ సందేహము రాదు. మనకు రావలసి యున్నది.

ఆ గ్రామఫోను కంపెనీయే 1931లో మరియొక కంపెనీతో కలిసి ఇ.ఎం.ఐ. అను పేరు వహించినది. కలకత్తా దగ్గర డమ్ డమ్ లో మన పాటలను ముద్రించిన గ్రామఫోను కంపెనీ చాలకాలము దాని శాఖయే. అట్టి సంస్థతో నలువదియైదేండ్ల సంబంధమున్న గాయకుడొకరు 2007 సంవత్సరములో దానిని విడిచి వెళ్లినారు. ఆయన పేరు పాల్ మెకార్ట్నీ. లోకమంతయు ఎరిగిన బీటిల్సు అను నలుగురి బృందములో ఒకరు. అప్పటికి ఆయన వయస్సు 64. అరువదినాలుగవ ఏటిని గూర్చి ఆయన యౌవనములో కట్టిన పాట ఒకటి 1967లో వెలువడినది. విడిపోయిన వార్త విన్న అభిమానులకు ఆ పాట జ్ఞాపకము వచ్చుట సహజమే.

ఆయన వెళ్లినది మరియొక పేరుగల రికార్డు కంపెనీకి కాదు. స్టార్‌బక్స్ అను అమెరికా కాఫీ హోటళ్ల సంస్థ, కాంకార్డు అను సంగీత సంస్థతో కలిసి, హియర్ మ్యూజిక్ అను రికార్డు కంపెనీని అప్పుడే నెలకొల్పినది. దానిలో చేరిన మొదటి గాయకుడు ఆయనయే. 2007 జూనులో ఆయన క్రొత్త పాటల సంపుటి ఆ కంపెనీ పేర వెలువడినది. విడుదలైన నాడు వేలకొలది కాఫీ హోటళ్లలో ఆ పాటలనే దినమంతయు వినిపించినారు. కాఫీ అమ్ము బల్ల దగ్గరనే సంపుటిని కూడ అమ్మినారు.

అభిమానులు పక్షములుగా చీలిపోయినారు. వారి వాదములు మనము వినదగినవి. ఏలననగా ఇవి ఒక్క మెకార్ట్నీని గూర్చిన వాదములు మాత్రమే కావు. సంస్థ నీడలో పెరిగిన ఏ కళాకారుడు ఆ నీడను విడిచి బయలుదేరినను ఈ మాటలే పుట్టును.

మొదటి పక్షమువారిది కృతజ్ఞతా వాదము. 1962 జనవరి మొదటి తేదీన ఈ నలుగురు యువకులు లండనులో డెక్కా కంపెనీవారి యెదుట పాడి చూపినారు. డెక్కావారు అక్కరలేదన్నారు. అట్టి దినములలో ఇ.ఎం.ఐ.లోని పార్లోఫోను శాఖకు అధిపతియైన జార్జి మార్టిను వారిని చేరదీసినారు. 1962 అక్టోబరు 5న మొదటి ప్లేటు వెలువడినది. అబీ రోడ్డులోని ఆ సంస్థ స్టూడియోలోనే వారి గొప్ప పాటలలో పెక్కులు రూపొందినవి. ఇతరులు తలుపు మూసిన వేళ తలుపు తెరచిన ఇంటిని ముదిమిలో విడిచిపోవుట ధర్మమా అని వీరి ప్రశ్న. తిన్న యింటి ఉప్పును మరువరాదని మన సామెతలు చెప్పునది కూడ ఇదియే.

రెండవ పక్షమువారు ఆ ఉప్పు ఎంత యని లెక్క తీసినారు. 1962నాటి ఒప్పందము ప్రకారము ఒక ప్లేటు అమ్ముడుపోయిన నలుగురికి కలిపి ఒక్క పెన్నీ వచ్చెడిది. ఆనాటి పౌనుకు 240 పెన్నీలు. అందులో నిర్వాహకుని వాటా పోగా మిగిలినదానిని నలుగురు పంచుకొనవలెను. తరువాత ఒప్పందములు మారినవి, నిజమే. కాని ఇంటి తలుపు తెరచినవాడు ఇంటిలోని ధాన్యములో ఎంత భాగము తన గాదెలో పోసికొన్నాడో కూడ చూడవలదా అని వీరి ప్రశ్న. పైగా నలువదియైదేండ్లు నిండిన పిమ్మట ఎవరు ఎవరికి ఋణపడి యున్నారని వీరు నిలదీసినారు. అమెరికాలో మాత్రము మెకార్ట్నీ 1979లో ఒకసారి కొలంబియా కంపెనీకి మారి, కొన్నేండ్లకు తిరిగి వచ్చియున్నారు. కావున ఇది తొలిసారి గడప దాటుట కాదనియు వీరు గుర్తు చేసినారు.

మూడవ పక్షమువారికి విడిపోవుట గూర్చి పేచీ లేదు. చేరిన చోటు నచ్చలేదు. గొప్ప గాయకుని పాట కాఫీతో పాటు అమ్ముడు పోవలెనా అని వారి బాధ. దీనికి మనము చిరునవ్వు నవ్వుకొనవచ్చును. హోటలులో కాఫీ త్రాగుచు, గోడ మీది రేడియోలో పాట వినుట మన ఊళ్లలో ఎవరికి తప్పినది? పాటకు అందులో అవమానమేమియు జరుగలేదు. అయినను చిక్కు ఒకటి వచ్చినది. బ్రిటనులో ఆ కాఫీ హోటళ్లు రికార్డుల అమ్మకము లెక్కగట్టు పట్టికలో నమోదైనవి కావు. అందువలన అక్కడ అమ్మిన ప్రతులు లెక్కలోనికి రాలేదు. అయినను సంపుటి బ్రిటను పట్టికలో 5వ స్థానమును, అమెరికా పట్టికలో 3వ స్థానమును పొందినది.

గాయకుడు తాను ఏమన్నారు? ఆయన మాటల సారాంశమిది: ఆ సంస్థలో పేరుగల గాయకులందరును గదిలోని కుర్చీలు, బల్లలవలె అయిపోయినారు. తాను సోఫా వంటివాడు. ఎప్పుడును అక్కడనే ఉండును కావున ఎవరును చూడరు. ఇది హాస్యముగా అన్నమాటయే యైనను, చాలకాలము ఒకే కచేరీలో పనిచేసిన ఏ ఉద్యోగికైనను గుచ్చుకొను మాట.

ఇక జరిగినదేమో చూతము. గాయకుడు సంస్థను విడిచి నిలువగలడా అని అభిమానులు తర్కించుచుండగా, నిలువలేకపోయినది సంస్థ. అదే 2007లో టెర్రా ఫర్మా అను పెట్టుబడి సంస్థ, అధికభాగము అప్పు తెచ్చి, ఇ.ఎం.ఐ.ని కొన్నది. ఆ యేడే రేడియోహెడ్ బృందమువారు ఆ సంస్థతో తెగతెంపులు చేసికొని, తమ క్రొత్త పాటలకు మీకు తోచిన వెల ఇండని శ్రోతలకే విడిచిపెట్టినారు. 2008లో రోలింగ్ స్టోన్సు వెళ్లిపోయినారు. 2011లో అప్పిచ్చిన సిటీ బ్యాంకువారు సంస్థను స్వాధీనపరచుకొన్నారు. 2012లో యూనివర్సల్ అను కంపెనీ దాని రికార్డులను కొన్నది. కాని ఒక్క కంపెనీ చేతిలో ఇంత సంగీతము చేరుట తగదని ఐరోపా అధికారులు అడ్డు చెప్పగా, 2013లో పార్లోఫోను ముద్రను వార్నరు కంపెనీకి అమ్మివేసినారు. ముద్ర ఒక యింటికి పోయినది. ఆ ముద్రతో లోకమంతట మ్రోగిన బీటిల్సు రికార్డులు మాత్రము యూనివర్సల్ చేతిలోనే ఉండిపోయినవి.

కాఫీ సంగతి కూడ అట్లే ముగిసినది. 2008లోనే స్టార్‌బక్స్‌వారు ఆ రికార్డు కంపెనీ నిర్వహణను కాంకార్డుకు వదలివేసినారు. మెకార్ట్నీ 2016లో, తమ పాత రికార్డులు ప్లేట్లుగా వెలువడిన అమెరికా కంపెనీ క్యాపిటల్‌కు తిరిగి వచ్చినారు. అది అప్పటికి యూనివర్సల్ సొత్తు. 2018లో ఆయన 76వ యేట అక్కడ వెలువరించిన సంపుటి అమెరికా పట్టికలో మొదటి స్థానము నందుకొన్నది. 1982 తరువాత ఆయనకు అట్టి స్థానము దక్కుట అదే మొదలు. ఇల్లు విడిచిన మనిషి తిరిగి వచ్చి చూచునప్పటికి ఇల్లు అదే, యజమాని వేఱు.

ఇదంతయు చూచిన పిమ్మట అభిమానుల తగవులో అసలు సంగతి ఒకటి మరుగుపడినదని నాకు తోచుచున్నది. వారందరును గాయకుడు ఎక్కడికి పోయినాడని తర్కించినారు. ఆయన వెంట ఏమి పోలేదని అడిగినవారు తక్కువ. విడిపోయినది మనిషి. ఆయన ఇరువది యేండ్ల ప్రాయమున పాడిన గొంతు కంపెనీ బీరువాలలోనే ఉండిపోయినది. దున్నినవాడు ఊరు విడిచి పోవచ్చును. పట్టా ఉన్నవానిదే పొలము.

ఒక పాటకు పట్టాలు రెండు. పాటను కట్టిన హక్కు ఒకటి, పాడినదానిని పట్టిన రికార్డు హక్కు వేఱొకటి. మెకార్ట్నీకి మొదటిదియు చేజారినది. లెనను, మెకార్ట్నీ కలిసి కట్టిన పాటల కొరకు 1963లో నార్దరన్ సాంగ్స్ అను సంస్థ వెలసినది. 1969లో అది ఏ.టి.వి. అను కంపెనీ చేతిలో పడినది. 1985లో గాయకుడు మైకేల్ జాక్సను ఏ.టి.వి.వారి పాటల హక్కులను 4 కోట్ల 75 లక్షల డాలర్లకు కొన్నాడు. తరువాత అవి సోనీ కంపెనీకి చేరినవి. అమెరికా శాసనము ప్రకారము 1978కి పూర్వపు పాటల హక్కులను రచయితలు 56 ఏండ్ల తరువాత తిరిగి కోరవచ్చును. 2017 జనవరిలో మెకార్ట్నీ న్యూయార్కు న్యాయస్థానమున దావా వేసినారు. కొన్ని నెలలకు ఉభయులును రహస్యముగా రాజీపడినారు. తన పాటలు తనకు రావలెనని ఒక మనిషి 74వ యేట న్యాయస్థానము మెట్లెక్కవలసి వచ్చినది. ఇరువదియేండ్ల వయస్సులో, సంతోషముతో, సరిగా చదువక చేసిన సంతకము విలువ ఇంత!

ఇది మనకు దూరపు కథ కాదు. మన దేశమున 1957నాటి కాపీరైటు చట్టము ప్రకారము రికార్డునకు మొదటి హక్కుదారు దానిని తీయించినవాడు. సినిమా పాట కట్టినవారికిని, వ్రాసినవారికిని నిర్మాత ఇచ్చిన ప్రతిఫలముతోనే హక్కు తీరిపోవునని 1977లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. 2012లో చట్టమును సవరించినారు. నాటి నుండి సినిమా పాట రచయితయు, స్వరకర్తయు తమ రాయల్టీ వాటాను ఒప్పందములో వ్రాసి యిచ్చినను అది పోదు. గాయకుల వాటాకును ఆ చట్టములో చోటు దొరకినది. 2013లో గాయకులు తమ హక్కుల కొరకు సంఘము ఏర్పరచుకొన్నారు. ఆ మేలు చూడకయే పోయిన గాయకులు మన భాషలో ఎందరో!

మీ యింట చక్కగా పాడు బిడ్డ ఉన్నచో, రేపు ఎవరైనను ఒప్పంద పత్రముతో రావచ్చును. ఆనందపడుడు. కాని సంతకమునకు ముందు రెండే ప్రశ్నలు అడుగుడు: ఈ రికార్డు ఎవరి పేర ఉండును? ఎన్ని సంవత్సరములు? జవాబు నచ్చకున్నను సంతకము చేయవలసి రావచ్చును. కనీసము తెలిసి చేయుదురు. తలుపు తెరచినవారియెడల కృతజ్ఞత ఉండవలసినదే. కృతజ్ఞత వేఱు, గొంతును శాశ్వతముగా వ్రాసి యిచ్చుట వేఱు. ఈ రెంటిని కలిపి చూచుటవలననే అభిమానులు ఒండొరులను ద్రోహులని నిందించుకొనుచుందురు.

చివరగా ఒక మాట. 1902 నవంబరులో కలకత్తాలో గౌహర్ జాన్ అను గాయని అదే గ్రామఫోను కంపెనీకి పాడినది. ఆమె ప్లేట్లలో పాట ముగియగనే తన పేరు తాను బిగ్గరగా చెప్పుకొనును. జర్మనీలోని హానోవరులో ప్లేట్లు ముద్రించువారికి ఏ పాట ఎవరిదో తెలియుటకై అట్లు చెప్పించెడివారందురు. కారణమేదైనను, ఆ పిలుపు మాత్రము నూరేండ్లు దాటినను నిలిచియున్నది. కంపెనీ పేరు మారినది. డమ్ డమ్ శాఖ 2000లో సారేగామాగా మారినది. లండను సంస్థ ముక్కలైనది. ఆ ప్లేటు త్రిప్పిన ప్రతిసారియు గౌహర్ జాన్ తన పేరే చెప్పుచున్నది.

మా రేడియోలో పాటకు ముందు పాడినవారి పేరు, వ్రాసినవారి పేరు, స్వరపరచినవారి పేరు చెప్పుదుము. పాట ఎప్పుడు మొదలగునా యని మీరు విసుగుకొనుట మాకు తెలియును. ఇక మీద ఆ మూడు పేర్లను కొంచెము ఓపికతో వినుడు. పట్టా ఎవరిదైనను పంట ఎవరి చెమటయో ఆ పేర్లు చెప్పును. ఘంటసాల గారి భగవద్గీత వినుచు తెల్లవారుజామున ముగ్గు వేయు ఇల్లాలికి ఆ రికార్డు ఏ కంపెనీదో పట్టదు. ఆమెకు ఆ గొంతు తెలియును. బొమ్మలోని కుక్కకు తెలిసినదియు అంతియే. బూర ఎవరి దుకాణములోనిదని అది విచారింపలేదు. గొంతును గుర్తుపట్టినది, యజమానిని గుర్తుపట్టినది.