అమానతుకు లెక్క చెప్పాలి



2016 అక్టోబరు 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు కొత్త జిల్లాలయ్యాయి. కార్యాలయాలు దగ్గరయ్యాయి, జవాబుదారీతనం మాత్రం మనం అడిగితేనే వస్తుంది. సమాచార హక్కు చట్టం కింద 30 రోజుల్లో సమాధానమివ్వాలి. గ్రామస్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు. రాతపూర్వకంగా అడిగితేనే ఫైలు కదులుతుందని గుమాస్తాగా చూశాను.

అయితే పంచాయతీని నిలదీసే మనం మస్జిదు లెక్కలు చూపుతున్నామా? కోశాధికారిగా నేనూ ఒక ఏడాది నోటిమాటతోనే ముగించాను. "నేనిచ్చిన పది రూపాయలు ఏమయ్యాయి బేటా?" అని ఒక వృద్ధురాలు అడిగినప్పుడు తలదించుకున్నాను.

ముతవల్లీ ఏటా బోర్డుకు లెక్కలు సమర్పించాలని వక్ఫ్ చట్టం చెబుతోంది. ఆ పత్రాన్నే జుమా నాడు మస్జిదు గోడపై అంటించండి. అద్దె ఎంత వచ్చిందో, ఎవరు బాకీపడ్డారో అందరూ చదవాలి.

పదవి అమానతు. ఇక్కడ లెక్క చెప్పడానికి జంకేవారు రేపు అల్లాహ్ ముందు ఏమి చెబుతారు?