బల్ల మీద మన్యం

 

యాభై దాటిన ఇంజినీరు ఇంకా బొమ్మలతో ఆడుకుంటున్నాడని మా ఇంట్లో నవ్వుతారు. నిజమే. అంగుళం ఎత్తు సైనికుల బొమ్మలు సేకరించడం, రంగులు వేయడం, బల్ల మీద మోహరించి పాత యుద్ధాలు ఆడటం నా వ్యసనం.

ఇది పరాయి సరదా అనుకోకండి. రథ గజ తురగ పదాతులతో చదరంగం పుట్టింది మన దేశంలోనే. 1824లో ప్రష్యా సైన్యం పటం, పాచికలు, ఒక మధ్యవర్తిని పెట్టుకుని తన అధికారులకు యుద్ధవిద్య నేర్పింది. 1913లో హెచ్.జి.వెల్స్ 'లిటిల్ వార్స్' రాసి, బొమ్మల యుద్ధాన్ని ఇంటి నేల మీదికి తెచ్చాడు. మన ఊళ్లలో బండల మీద గీసిన పులిజూదం సంగతి మీకు తెలుసు. మూడు పులులు, పదిహేను మేకలు. పులి దూకి చంపుతుంది. మేక చంపలేదు, దారి మూయగలదు. బలం సమానంగా లేనివాళ్ల పోరాటం అంటే అదే.

ఆ లెక్కతోనే అల్లూరి సీతారామరాజు పోరాటాన్ని బల్ల మీదికి తెచ్చాను. మన భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరిలోదే కదా, ఆ మన్యం మనకు పొరుగు. సర్వే పటాన్ని పెద్దది చేసి, ఒక్కో ఎత్తు గీతకు ఒక్కో థర్మోకోల్ పొర కోసి అతికిస్తే కొండలు లేచాయి. నెపోలియన్ సైనికులు పెట్టెల్లో దొరుకుతారు గానీ విల్లు పట్టిన మన్యం మనిషి దొరకడు. కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొణికి కర్రతోనే వాళ్లను చెక్కుకున్నాను.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్లు, 26 తుపాకులు. ఆడి చూస్తే తెలుస్తుంది, తుపాకి కన్నా తూటా ముఖ్యమని. పేల్చినప్పుడల్లా ఒక చింతగింజ తీసేస్తాం. అది మళ్లీ రాదు.

సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో, ముందు నడిచిన మన సిపాయిలను పోనిచ్చి, తెల్ల అధికారులు కవర్డు, హైటరులను కాల్చారు. అందుకే నా ఆటలో మన్యం పక్షం మన సిపాయిలను కాల్చకూడదు. పిల్లలు 'ఇదేం ఆట' అని గొణుగుతారు. ఆ నియమం లేకుంటే గెలుపు తేలికే. ఉంటే ఓపిక పట్టాలి.

మనతో చదివిన కోయ మిత్రుడొకడు ఈ బల్ల చూసి అడిగాడు: "మా తాతలు సచ్చింది నీకు ఆటయిందారా?" జవాబు ఇద్దరం కలిసి బల్ల మీదే వెతికాం. "గూడేలు కూడా పెట్టు" అన్నాడు. పెట్టాం. ఇప్పుడు తిరుగుబాటు దళం ఏ గూడెంలో తిండి తింటే, తర్వాతి వంతులో పోలీసులు ఆ గూడెం మీద పడతారు. ఆడేవాడు బొమ్మను కదిపే ముందు ఆగుతాడు. 1924 మే 7న రామరాజును కాల్చి చంపేదాకా ఆ గూడేలు ఎంత మోశాయో అప్పుడు తెలుస్తుంది.

ఆ బల్లను మన బడి సోషల్ గదికి ఇస్తున్నాను. ఒకటే కోరిక. ఆట మొదలుపెట్టే ముందు ఆ గూడేల పేర్లు పిల్లల చేత పైకి చదివించండి. గూడెం నుంచి వచ్చిన పిల్లలుంటే మధ్యవర్తి కుర్చీ వాళ్లకివ్వండి. మాస్టార్లూ, దీనికి మాత్రం మార్కులు వేయకండి.

సెలవు.