పని మారినా పనిముట్టు మారదు

మనలో కొందరు జమ్మలమడుగు, పులివెందుల నుంచి ప్రొద్దుటూరు వచ్చి చదువుకున్నవాళ్లు. అప్పట్లో మనందరికీ కాలక్షేపం కడప రేడియో.

ఆ కేంద్రంలో అసిస్టెంట్ స్టేషన్ డైరెక్టరుగా పనిచేసిన గొల్లపూడి మారుతీరావుగారు 1982లో, 43 ఏళ్ల వయసులో, ‘ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య’తో సినిమా నటుడయ్యారు. తర్వాత టీవీలో ‘మనసున మనసై’ నడిపారు. పని మారింది గానీ పనిముట్టు మారలేదు. అదే మాట.

నేను ముప్పై ఏళ్లు యంత్రాలతో గడిపాను. రిటైర్మెంటు దగ్గరపడేసరికి, ఇక ఎవరికి పనికొస్తానన్న దిగులు పట్టుకుంది. ఆయన గుర్తొచ్చారు. నా పనిముట్టు లెక్కలు. వచ్చే నెల నుంచి శనివారాలు మన బడిలో పదో తరగతికి లెక్కలు చెబుతానని హెడ్మాస్టరుగారికి మాటిచ్చాను.

మీ పనిముట్లతో మీరూ రండి. సెలవు.