గుప్పెడు బూడిదరంగు పొడి

 

పట్టాలు అందుకున్న మీలో కెమికల్ ఇంజనీరింగ్ చదివినవాళ్లే ఎక్కువ కాబట్టి, నా ఉద్యోగ జీవితమంతా నా చేతులకు అంటుకున్న ఒక పొడి గురించి చెబుతాను. రిఫైనరీలో చిక్కటి నూనెను విడగొట్టి పెట్రోలు తీసే ఉత్ప్రేరకం అది. ఇసుక కన్నా సన్నం. ప్రతి రేణువులోనూ జియోలైట్, దాని నిండా అణువులు పట్టేంత గదులు. పొడి మీద పేరుకున్న బొగ్గును దాదాపు 700 డిగ్రీల వేడిలో కాల్చేసి మళ్లీ వాడతారు. బొగ్గు పోతుంది. పొడికి అంటుకున్న లోహాలు పోవు.

ఎక్కడివా లోహాలు? 1930లలో జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ ట్రైబ్స్ ముడిచమురులో పార్ఫిరిన్లను గుర్తించాడు. ఒకనాటి పత్రహరితం ఆనవాళ్లు అవి. మెగ్నీషియం ఉండాల్సిన చోట, కోట్ల ఏళ్లలో నికెలో వనేడియమో వచ్చి కూర్చుంది. ఈ సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నికెల్ నూనెలోంచి హైడ్రోజన్‌ను ఊడబెరికి బొగ్గును పెంచుతుంది. వనేడియం ఇంకా చెడ్డది. నీటి ఆవిరి తగిలితే ఆమ్లమై, రేణువు నుంచి రేణువుకు పాకి, జియోలైట్ గోడల్నే కూల్చేస్తుంది.

ఆమ్లంతో కడిగేస్తే పోదా అనుకుని, కొలువులో చేరిన కొత్తలో బీకరులో వేసి చూశాను. లోహం కొంత వచ్చింది. దాంతోపాటే గోడల్లోని అల్యూమినియమూ వచ్చేసింది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టినట్టయింది. ఓపికగా చేసే పద్ధతి వేరే ఉంది. ముందు హైడ్రోజన్ సల్ఫైడ్‌తో లోహాలను సల్ఫైడ్లుగా మార్చి, ఆపైన క్లోరిన్ పంపాలి. వనేడియం ఆవిరై లేచిపోతుంది, నికెల్ క్లోరైడు నీళ్లలో కరిగిపోతుంది. గోడలు నిలుస్తాయి. కానీ రెండూ విషవాయువులే, చివర లోహాలు కలిసిన కడుగునీళ్లు మిగులుతాయి. అవి ఏ కాలవలో కలుస్తాయన్నది పొడి ఎంత శుభ్రపడిందన్నదానికి తక్కువ ప్రశ్న కాదు.

గంధకం తీసే యూనిట్లలో వాడేసిన ఉత్ప్రేరకాన్నైతే సోడా యాష్‌తో కలిపి కాల్చి, నీళ్లలో నానబెట్టి, వనేడియం, మాలిబ్డినం రాబడతారు. పొడికి విషమైన ఆ వనేడియమే ఉక్కుకు బలం.

రిఫైనరీల్లో చేరబోయేవాళ్లు మొదటి నెలలోనే, వాడేసిన పొడి డ్రమ్ములు ఎక్కడికి పోతున్నాయో కనుక్కోండి. వీలైతే ఆ లారీ వెనకే వెళ్లి, అవి దింపే చోటు చూసి రండి. అక్కడ పనివాళ్ల ముక్కులకు గుడ్డ ఉందో లేదో చూడండి. నేను వెళ్లి చూసేసరికి పదకొండేళ్లు గడిచిపోయాయి.