మితవ్యయంలో మొదటి ఆటల కంప్యూటరు

ఇంటికి తొలిసారి కుట్టుమిషను వచ్చినా, సైకిలు వచ్చినా, కొనే ముందు నలుగురిని అడగడం, నాలుగు కొట్లు తిరగడం మన ఇళ్ళలో అలవాటు. కంప్యూటరు విషయంలో ఈ వివేకం తరచు తప్పిపోతున్నది. సైకిలు చక్రాన్ని తిప్పి చూడవచ్చును. కంప్యూటరు భాగాలను చేతితో తడిమి మంచిచెడ్డలు చెప్పడం కొత్తవారికి సాధ్యం కాదు. అందులోను, పిల్లలు ‘గేమింగ్ పీసీ’ అని పిలిచే ఆటల కంప్యూటరు పెద్దలకు అయోమయం, పిల్లలకు వ్యామోహం. ఈ రెండింటి నడుమ ఇంటి సొమ్ము జారిపోతుంది.

2024 వేసవిలో మా మేనల్లుడు ఒక కాగితం పట్టుకొని వచ్చినాడు. ఇంజనీరింగు మొదటి సంవత్సరం పూర్తి చేసిన పిల్లవాడు. అతని వద్ద 60,000 రూపాయలున్నవి. అందులో సగం పిల్లలకు ట్యూషన్లు చెప్పి కూడబెట్టుకున్నది. తక్కిన సగం మా చెల్లెలు చీటీ పాడి ఇచ్చినది. రెండవసారి అడగడానికి వీలులేని సొమ్ము. “మామయ్యా, కొట్టువారు ఇది వ్రాసి ఇచ్చినారు. మీరొకసారి చూడండి,” అన్నాడు.

చూచినాను. అద్దాల క్యాబినెట్, రంగురంగుల దీపాలతో ఆరు ఫ్యాన్లు, నీటితో చల్లబరిచే సాధనం, ఖరీదైన ప్రాసెసరు ఉన్నవి. గ్రాఫిక్స్ కార్డు మాత్రం అయిదేళ్ళనాటి చిన్నది. దాని మెమరీ 4 జి.బి. అన్ని భాగాలకూ విద్యుత్తును అందించే ఎస్.ఎం.పి.ఎస్. ఎదుట తయారీదారు పేరైనా లేదు. పైన పటారం, లోన లొటారం అన్న సామెత అప్పుడు గుర్తుకు వచ్చినది.

అసలు ఆట ఆడేటప్పుడు కంప్యూటరులో జరిగే పని ఏమిటి? బంతి ఎటు పోవలెను, శత్రువు ఎక్కడ దాగవలెను అనే లెక్కలు ప్రాసెసరు వేస్తుంది. ఆ దృశ్యాన్ని తెరమీద చిత్రించేది గ్రాఫిక్స్ కార్డు. సాధారణమైన తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటవి. అంటే ఒక్క చిత్రానికి 20,73,600 చుక్కలు. కదలిక సాఫీగా కనిపించాలంటే సెకనుకు 60 చిత్రాలైనా కావలెను. అనగా సెకనుకు 12 కోట్లకు పైగా చుక్కల రంగును నిర్ణయించవలెను. 4కె తెరలో చుక్కల సంఖ్య దీనికి సరిగా నాలుగు రెట్లు. అందువల్ల ముందుగా తేల్చుకోవలసినది తెర. తెరను బట్టి గ్రాఫిక్స్ కార్డు. కార్డును బట్టి మిగిలినవి. మా ఇంట ఖాళీగా పడి ఉన్న 1920×1080 మానిటరు పిల్లవానికి ఇచ్చినాను. దానితో ఒక ఖర్చూ తప్పినది, ఒక నిర్ణయమూ జరిగినది.

తరువాత నియమం ఇది: ఆటల కొరకే కొనేటప్పుడు మూడవ వంతుకు తగ్గకుండా, కొంచెం ఎక్కువైనా సరే, గ్రాఫిక్స్ కార్డుకు కేటాయించవలెను. 2021లో వచ్చిన ఆర్.ఎక్స్. 6600 అనే కార్డును ఎన్నుకున్నాము. దాని మెమరీ 8 జి.బి.; అది తీసుకునే విద్యుత్తు 132 వాట్లు. దానికి జతగా 2022లో వచ్చిన రైజెన్ 5 5600 ప్రాసెసరు తీసుకున్నాము. దానికి ఆరు కోర్లు ఉన్నవి. చల్లబరిచే ఫ్యాను పెట్టెలోనే వస్తుంది. నీటి సాధనం అక్కరలేకపోయినది. కార్డు, ప్రాసెసరు కాడికి కట్టిన జోడెడ్ల వంటివి. ఒక ప్రక్క ఒంగోలు గిత్తను, మరొక ప్రక్క లేగదూడను కడితే బండి దూడ నడకనే నడుస్తుంది.

భాగాల పొందిక మరొక ముఖ్య విషయం. ప్రతి ప్రాసెసరు ప్రతి మదర్‌బోర్డులోను కూర్చోదు. రైజెన్ 5 5600కు ఎ.ఎం.4 సాకెట్టు, డి.డి.ఆర్.4 మెమరీ కావలెను. 2022లో వచ్చిన ఎ.ఎం.5 బోర్డులు డి.డి.ఆర్.5 మెమరీని మాత్రమే తీసుకుంటవి. సాకెట్టు కుదిరినంత మాత్రాన పని పూర్తికాదు. ఎ.ఎం.4 సాకెట్టు 2016 నాటిది. కొట్టులో చాలకాలం నిలువ ఉన్న బోర్డు తరువాత పుట్టిన ప్రాసెసరును గుర్తుపట్టకపోవచ్చును. బోర్డులోని బయాస్‌ను కొత్తది చేసి ఇమ్మని కొనేటప్పుడే అడగవలెను. మెమరీ 16 జి.బి. కావాలంటే 8 జి.బి. వంతున రెండు కొనడం మేలు. రెండు ద్వారాల గుండా సమాచారం వేగంగా ప్రవహిస్తుంది. ఈనాటి పెద్ద ఆటలలో కొన్ని ఒక్కొక్కటే 100 జి.బి.కి పైగా చోటును ఆక్రమిస్తున్నవి, కనుక ఎస్.ఎస్.డి. 1 టి.బి. తీసుకున్నాము.

ఇక ఎస్.ఎం.పి.ఎస్. సంగతి. ఇది నా అనుభవం. కొన్నేళ్ళ క్రితం ఇంటికి ఒక కంప్యూటరు కూర్పించినప్పుడు, వెయ్యి రూపాయలు కలిసి వస్తవని పేరులేని ఎస్.ఎం.పి.ఎస్.కు ఒప్పుకున్నాను. ఒక వర్షాకాలపు రాత్రి కరెంటు పోయి వచ్చినది. చిటపట శబ్దం, కమురు వాసన. పోయినది అదొక్కటే కాదు. మదర్‌బోర్డును కూడా వెంటబెట్టుకొని పోయినది. వెయ్యి రూపాయల పొదుపుకు ఎనిమిదివేల దండుగ కట్టినాను. ఇంటి తీగలు నాసిరకమైతే గోడలకు ఎంత మంచి రంగు వేసి ఏమి లాభం? కార్డు, ప్రాసెసరు, తక్కిన భాగాలు కలిసి 300 వాట్లకు లోపే కనుక పేరున్న సంస్థవారి 550 వాట్లది సరిపోయినది. పెట్టెమీది ‘80 ప్లస్’ గుర్తు విద్యుత్తు వృథా ఎంత తక్కువో తెలుపుతుంది. భద్రతకు అదొక్కటే హామీ కాదు. వారంటీ ఎన్నేళ్ళో కూడా చూడవలెను.

దీపాలు లేని సాదా క్యాబినెట్ తీసుకున్నాము. గాలి వచ్చే దారి, పోయే దారి బాగుంటే చాలును. మిగిలిన సొమ్ము యు.పి.ఎస్.కు పనికివచ్చినది.

పాత గ్రాఫిక్స్ కార్డులు చౌకగా దొరుకుతవి. అయితే 2022 సెప్టెంబరు వరకు ఎథీరియం అనే డిజిటల్ నాణెం కొరకు రేయింబవళ్ళు పనిచేసిన కార్డులు చాలా ఉన్నవి. అరగంటసేపు ఆట నడిపి చూపనిదే పాతది కొనరాదు. కొత్త వస్తువులకు జి.ఎస్.టి. బిల్లు తీసుకొని, అందులో సీరియల్ నంబర్లు వ్రాయించుకోవలెను. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట అనేక కొట్లు ఒకేచోట ఉన్నవి. ఒకే జాబితాను నాలుగింట చూపి ధర అడిగితే తేడా తెలుస్తుంది. ధరలు నిలకడగా ఉండవు. 2025 చివరలో మెమరీ ధరలు అమాంతం పెరిగినవి. కనుక మా నాటి లెక్కను గాక, దాని వెనుకనున్న వరుసను గుర్తుంచుకోండి.

భాగాలను పిల్లవాడే స్వయంగా బిగించినాడు. మీట నొక్కినాడు. ఫ్యాన్లు తిరిగినవి, తెర మాత్రం నల్లగా ఉండిపోయినది. ప్రక్కనే నిలుచున్న మా చెల్లెలి ముఖం వాడిపోయినది. తీరా చూస్తే, మానిటరు తీగను గ్రాఫిక్స్ కార్డుకు గాక మదర్‌బోర్డుకు తగిలించినాడు. ఆ ప్రాసెసరులో చిత్రాలు చూపే శక్తి లేదు. తీగ మార్చగానే తెర వెలిగినది.

“అన్నయ్యా, ఇది చదువుకు కూడా పనికివస్తుందా?” అని చెల్లెలు మెల్లగా అడిగినది. “సెకనుకు పన్నెండు కోట్ల చుక్కలు గీసే యంత్రానికి వీడి పాఠాలు బరువా అమ్మా? వీణ్ణి కూర్చోబెట్టడమే నీ వంతు,” అన్నాను. ఆ రాత్రి ఆట మొదలుపెట్టే ముందు పిల్లవాడు బిల్లులన్నీ వరుసగా పేర్చి, లెక్క వ్రాసి, మిగిలిన 740 రూపాయలు తల్లి చేతిలో పెట్టినాడు.