ఊరి ఉమ్మడి నీడ

(నాగాయలంక పఠనమందిరమున చేసిన ఉపన్యాసము)



నేటి సాయంకాలము నేను మాటలాడదలచిన విషయము చూచుటకు చిన్నది. ఊరికొక ఉద్యానము కావలెనని చెప్పుటకు వచ్చితిని. ఈ మాట వినగానే మీలో కొందఱి పెదవులపై చిఱునవ్వు పొడసూపును. "వేసవి వచ్చిన మంచినీటికి తిప్పలు పడు సీమలో, వాన కురిసిన వీధులు బురదగుంటలగు ఊళ్లలో, పూలమొక్కల ముచ్చట యేల?" అని మీరడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానము చెప్పలేనివాడు ఉద్యానమును గూర్చి నోరెత్తరాదు. నా ఉపన్యాసమంతయు ఆ ప్రశ్నకు సమాధానమేయని భావింపుడు.

ఉద్యానమనగా కంచెలోపల కత్తిరించిన గడ్డియు, వరుసగా పేర్చిన పూలకుండీలును మాత్రమేయని తలచుట పొరబాటు. అవి యుండవచ్చును, లేకపోవచ్చును. ఉద్యానమునకు ప్రాణమొక్కటియే. ఒకరి యనుమతి యడుగక, ఒక కాసు చెల్లింపక, ఎవరైనను వచ్చి కూర్చుండ హక్కు గల నీడపట్టు ఉద్యానము. అట్టి చోటులు మన యూళ్లలో ఎన్ని గలవో లెక్కింపుడు. ఇల్లు ఇంటివారిది. పొలము రైతుది. కాఫీహోటలు కాసు గలవానిది. బడి పిల్లలది, అదియు గంట కొట్టువఱకే. దేవాలయము భక్తులది. గ్రంథాలయము చదువు వచ్చినవారిది. మఱి నాట్లు వేసి నడుము పట్టిన కూలి తల్లికి, ఏటినుండి వల భుజాన వేసికొని వచ్చిన పల్లెకారికి, కొడుకును కోడలును పనికి పోగా ఇంట నొంటిగా మిగిలిన ముసలమ్మకు, సెలవునాడు బంతి చేతబట్టి బయలుదేరిన పిల్లవానికి చోటెక్కడ? పురుషులకు అంగడి అరుగులైన గలవు. స్త్రీకి గడప దాటిన పిమ్మట నిలుచుటకే గాని కూర్చుండుటకు తావు లేదు.

"చుట్టును పచ్చని పొలములుండగా పల్లెకు వేఱుగా పార్కెందుకు? అది పట్టణపువారి సరదా" యని కొందఱందురు. పొలము పచ్చగానుండుట నిజము. కాని ఆ పచ్చదనము ఒకరి యాస్తి, ఒకరి కష్టము. పైరుమీద పిల్లలాడుకొనరు, వరిమడిలో వృద్ధులు విశ్రమింపరు. రొయ్యల చెఱువు గట్టుపై నీడయే లేదు. పైగా అపరిచితుడు కాలుపెట్టిన కావలివాడు కేకవేయును. డెల్టాలోని పచ్చదనము కంటికి అందఱిది, కాలికి కొందఱిది.

మన పూర్వులీ లోటును ఎఱుగనివారు గారు. సప్తసంతానములలో వనప్రతిష్ఠను గూడ చేర్చి, కుమారుని గనుట యెంతటి పుణ్యమో తోట నాటించుట యంతటి పుణ్యమని చెప్పిరి. క్రీస్తునకు పూర్వము 3వ శతాబ్దిలో అశోకుడు బాటల వెంబడి మఱ్ఱిచెట్లను, మామిడితోపులను నాటించితినని తన శాసనములలో చెప్పుకొనెను. కాని ఆ తోపు దాతయొక్క దానము. దాత వంశము చితికిన తోపును చితుకును; దాత మనుమడు అమ్ముకొన్న నడుగువారు లేరు. ప్రజలు తమ పన్నుల ధనముతో తమకొక తోటను హక్కుగా నేర్పఱచుకొనుట 19వ శతాబ్దిలో బలపడిన భావము. పొగగొట్టముల క్రింద ఊపిరాడని ఇంగ్లండు దేశపు కార్మికులకొఱకు, లివర్పూలు కెదురుగానున్న బర్కెన్‌హెడ్ పట్టణమున, పట్టణపు ధనముతోనే యొక పార్కు నిర్మించి 1847లో తెఱచిరి. అమెరికా దేశస్థుడు ఓల్మ్‌స్టెడ్ 1850లో దానిని చూచి, ప్రజలు తమదిగా అనుభవించు ఇట్టి తోట తన దేశమున లేదని చింతిల్లెను. కొలది సంవత్సరములకే, కాల్వర్ట్ వాక్సుతో గూడి, న్యూయార్కు నడిబొడ్డున సెంట్రల్ పార్కునకు రూపకల్పన చేసెను.

అయితే "ప్రజలది" యని పేరు పెట్టినంత మాత్రమున ఏదియు ప్రజలది కాదు. మహాడు పట్టణపు చవదారు చెఱువు అందఱిదని మునిసిపాలిటీ తీర్మానించియే యుండెను. అయినను 1927 మార్చిలో డాక్టరు అంబేద్కరు గారు వేలజనముతో నడచిపోయి అందలి నీరు దోసిట త్రావి చూపవలసివచ్చెను. కాగితముమీద అందఱిది, గట్టుమీద కొందఱిది! ఊరి యుద్యానమునకు ఈ పాఠము ముఖ్యము. ఒకే బల్లపై, ఒకే చెట్టు నీడను, ఏ పేటవాడైనను ఏ పేటవానిప్రక్కనైనను కూర్చుండగలిగిననాడే అది ఉద్యానము. పెండ్లిలో పంక్తులు వేఱు కావచ్చును, గుడిలో వరుసలు వేఱు కావచ్చును. పార్కులో బల్లకు మాత్రము కులము లేదు. ఇంతటి నిశ్శబ్దముగా సమత్వమును నేర్పు బడి మఱియొకటి లేదు.

ఇక మన సీమ సంగతి. దివిసీమ కృష్ణవేణి యొండ్రుతో పుట్టిన నేల. సముద్రునకు నదికి నడుమనున్న బల్లపరుపు. ఇచ్చట గుట్ట లేదు, బండ లేదు, పనికిరాని బీడనునది అరుదు. కాలువ నీరందిన చోట వరి, ఉప్పు తగిలిన చోట చేపల, రొయ్యల చెఱువులు. సెంటు భూమికిని ధర పలుకుచున్నది. ధర లేని నేల, అనగా ఊరి ఉమ్మడి నేల, ఇట్టి సీమలో అన్నిటికంటె ముందు మాయమగును. పుంత కొంత పొలములో కలియును, చెఱువు పోరంబోకు పూడి యిండ్లస్థలమగును, ఏటిగట్టు దిబ్బ యొకరి గడ్డివామియగును. ఎవరును దొంగతనము చేయుచున్నామని తలపరు. "అది సర్కారుదిలే" అందురు. మన వాడుకలో సర్కారుది అన్న మాటకు ఎవరిదియు గాదని యర్థము! 1947లో స్వరాజ్యము వచ్చినది, సర్కారు మనమేయయితిమి. కాని ఉమ్మడి సొత్తు మన సొత్తను భావము మాత్రము మన గుండెలలో నింకను నాటుకొనలేదు.

చెట్టు విలువను ఈ సీమవారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. 1977 నవంబరు 19వ తేదీన సముద్రము మనమీదికి వచ్చినది. సొర్లగొంది, పాలకాయతిప్ప మొదలైన తీరగ్రామములు కన్నుమూసి తెఱచునంతలో ఉప్పునీటి పాలయ్యెను. ప్రభుత్వపు లెక్కలలోనే మృతుల సంఖ్య 10,000కు దగ్గఱగా నుండెను. జనుల లెక్క అంతకు మించినది. ఆనాడు తాడిచెట్టును కౌగలించుకొని బ్రతికినవారి కథలు మన యిండ్లలో ఇప్పటికిని వినబడును. మడ అడవి దట్టముగానున్న చోట అల వేగము తగ్గునని శాస్త్రజ్ఞులును చెప్పుదురు. ఊరిలోని పార్కు ఉప్పెన నాపునని నేను చెప్పను. అట్లు చెప్పుట మోసము. కాని చెట్టును అడ్డుగా చూచు ఊరికిని, చెట్టును ఆప్తునిగా చూచు ఊరికిని భేదము గలదు. ఆ చూపును పిల్లలకు నేర్పునది ఊరి నడుమనున్న తోపేగాని, పదిమైళ్ల దూరమున రక్షితారణ్యములోని మడచెట్టు కాదు.

ఇచ్చట నొక హెచ్చరిక చెప్పవలసియున్నది. ఉద్యానములు దుర్మార్గులచేత కంటె సన్మార్గులచేతనే తఱచుగా నశించును. మన జిల్లాకు ఒకప్పుడు రాజధానియైన మద్రాసునే చూడుడు. 1859లో గవర్నరుగా వచ్చిన చార్లెస్ ట్రెవీలియన్, సెంట్రల్ స్టేషను చెంత నూఱెకరములకు పైబడిన నేలలో ప్రజల పార్కును తలపెట్టెను. అందు చెఱువులు, బాటలు, జంతుశాల యుండెడివి. పిమ్మట నేమైనది? సభలకొఱకు విక్టోరియా మందిరము లేచెను. వర్తకులకొఱకు మూరు మార్కెటు లేచెను. పట్టణ పరిపాలనకొఱకు రిప్పన్ భవనము లేచెను. ఆటలకొఱకు స్టేడియము లేచెను. వీనిలో ఏది చెడ్డపని? ఒక్కటియు గాదు. ఒక్కొక్క మంచిపని ఒక్కొక్క ముక్క కొఱుకగా ప్రజల పార్కు పేరు మాత్రము మిగిలెను. మన యూళ్లలోను ఇదియే జరుగును. ఖాళీస్థలము కనబడగానే సచివాలయమో, గిడ్డంగియో, కల్యాణమండపమో, విగ్రహమో అచ్చటనే కావలెను. ఖాళీగానుండుటయే దాని యుపయోగమని చెప్పువాడు సభలో నొక్కడుండడు.

చట్టమీ విషయమున మనకు తోడు రాగలదు, మనము పిలిచినచో. బెంగుళూరులో పార్కునకని విడిచిన స్థలమును ఒక ప్రైవేటు వైద్యశాల కిచ్చినపుడు, ఆ పేటవారు న్యాయస్థానమున కెక్కిరి. వైద్యశాలయు ప్రజోపయోగమే గదాయను వాదమును త్రోసిపుచ్చి, పార్కు పార్కుగానే యుండవలెనని సుప్రీంకోర్టు 1991లో తీర్పు చెప్పెను. 2011లో పంజాబులోని యొక పల్లె చెఱువు విషయమున ఆ న్యాయస్థానమే, గ్రామముల ఉమ్మడి భూముల నాక్రమించినవారిని తొలగించి వానిని గ్రామమునకు మరల నప్పగింప ఏర్పాట్లు చేయుడని అన్ని రాష్ట్రముల నాదేశించెను. కాని ఒక చిత్రము వినుడు. 1992లో రాజ్యాంగమును సవరించి స్థానిక సంస్థల విధులను జాబితాలుగా వ్రాసినపుడు, మునిసిపాలిటీల 18 అంశములలో పార్కులు, తోటలు, ఆటస్థలములు పేరుతో చేరినవి. పంచాయతీల 29 అంశములలో ఆ పేరే లేదు! గ్రంథాలయములున్నవి, సామాజిక వనములున్నవి, కట్టకడపట ఉమ్మడి ఆస్తుల సంరక్షణ యున్నది. పల్లెవానికి పార్కు అవసరమని వ్రాసినవారికి తోచలేదు. తోచకున్న పోనిండు, ఆ 29వ అంశమే మనకు చాలును. ఉమ్మడి ఆస్తిని కాపాడుమని యున్నది. కాపాడి నీడగా మార్చుకొనుట మనవంతు.

"ధనమేది? పోషణ యెట్లు?" అందురు. అవనిగడ్డ, మోపిదేవి దాటి చల్లపల్లికి పొండు. అచ్చట 2014 నవంబరులో డాక్టరు డి.ఆర్.కె. ప్రసాదు గారు, డాక్టరు పద్మావతి గారు అను వైద్యదంపతుల ప్రోద్బలమున స్వచ్ఛ చల్లపల్లి యను ఉద్యమ మారంభమైనది. తెల్లవారకమున్నే పారయు, చీపురును బట్టి కార్యకర్తలు వీధికి వచ్చిరి. కాలుమోపరాని రోడ్లు పూలబాటలయ్యెను. శ్మశానము సైతము తోటవలె తీర్పఱుపబడినది. అది ఒక్క నెలతో తీరిన ఉత్సాహము కాదు. ఏండ్ల తరబడి ప్రతిదినము సాగిన దీక్ష. వారు దానముగా నిచ్చినది ముఖ్యముగా ధనము కాదు, దినమున కొక గంట. ఇది మహానగరపు ముచ్చట కాదు, మన పొరుగూరి ముచ్చట.

మఱియు ఈ పఠనమందిరములో కూర్చుండి "ప్రజలచే నిది కాదు" అనుట మనకు తగదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగిననాడు, అయ్యంకి వేంకటరమణయ్య గారి వంటివారికి చట్టము తోడు లేదు, పన్ను తోడు లేదు. 1935లో పాతూరి నాగభూషణము గారు కాలువపై పడవలో గ్రంథాలయమును నడిపిరి. గ్రామములవారు పిడికెడు బియ్యము, పాత పుస్తకములు పోగుచేసి గ్రంథాలయములను నిలిపిరి. చట్టము పిమ్మట, 1948లో, వచ్చినది. ముందు ప్రజలు, పిదప ప్రభుత్వము. ఉద్యానమునకును మార్గమిదియే.

నాగాయలంకకు ఏమి కావలెనో స్పష్టముగా చెప్పెదను. ఏటి యొడ్డున, శ్రీరామపాద క్షేత్రపు రేవుచెంత, జనులు సాయంకాలమున గాలికి చేరుట ఇదివఱకే యలవాటు. పుణ్యస్నానములకు ఘట్టము గలదు. నిత్యవిశ్రాంతికి నీడయును కావలెను. ఊరిలో మిగిలిన ఉమ్మడి స్థలములన్నిటిని గ్రామసభ యెదుట సర్వే నంబర్లతో చదివి వినిపింపవలెను. వానిలో అనువైనదానిని ఉద్యానముగా తీర్మానించి, అందేనాడును కట్టడము కట్టరాదని అదే తీర్మానమున వ్రాయవలెను. ప్రవేశరుసుము పెట్టరాదు, రుసుము పెట్టిన నది అంగడి. స్త్రీలకు మరుగుదొడ్డియు, రాత్రికి దీపమును, త్రాగునీరును లేనిచో సగము ఊరు రాదని తెలియవలెను. నాటవలసినవి విలాసపు మొక్కలు కావు; ఉప్పుగాలికి తట్టుకొను పొన్న, గంగరావి, కానుగ, వేప, తాడి. మూడు వేసవులు బిందెలతో నీరు పోసినవాడు ముప్పది యేండ్లు నీడ ననుభవించును.

ఆలస్యము చేయుటకు వీలులేదు. గుల్లలమోదలో క్షిపణి ప్రయోగ కేంద్రమునకు 2025 మే నెలలో ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిరి. మంచిదే. కాని ఇట్టి పెద్దపనులు వచ్చుచోట వెంట రోడ్లును, రోడ్ల వెంట ధరలును వచ్చును. నేడు ఊరకే దొఱకు అర యెకరము రేపు కొనబోయిన దొఱకదు. పట్టణములు ఇండ్లన్నియు కట్టుకొన్న పిమ్మట పార్కునకు చోటు వెదకి బాధపడుచున్నవి. పల్లెకు ఇంకను ఆ గతి పట్టలేదు.

మొదట మీరడిగిన ప్రశ్నకు తిరిగి వచ్చుచున్నాను. నీరు లేదు, రోడ్డు లేదు, పార్కేల? నీటికిని, రోడ్డుకును పదిమంది కలసి పోరాడవలెనన్న, ముందు ఆ పదిమంది కలిసి కూర్చుండు చోటొకటి కావలెను. అనాడు రచ్చచెట్టు క్రింద ఊరు తనను తాను తెలిసికొనెను. ఆ చెట్టును మరల నాటుకొందము. ఈసారి దాని నీడ ఊరందఱిది కావలెను.